వీధిలో వేగం, చలానాలో తగ్గింపు

గత నెలలో మా సంఘంలో ఒక భూస్థాపన జరిగింది. ఆ సహోదరికి అరవై రెండేళ్లు. తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం వీధి చివరి దుకాణానికి వెళ్లి తిరిగి వస్తుండగా వెనుక నుంచి ఒక మోటార్ సైకిల్ ఢీకొట్టింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రభువునందు నిద్రించారు. బండి నడిపిన అబ్బాయికి పందొమ్మిదేళ్లు. అతడూ మా సంఘపు బిడ్డే. ఆ రెండు ఇళ్ల మధ్య దూరం నాలుగు గుమ్మాలు.

ఆ బండి కొన్న రోజున తల్లిదండ్రులు దాన్ని చర్చి ఆవరణలోకి తెచ్చారు. హ్యాండిల్‌కి రంగు రిబ్బన్ కట్టి ఉంది. మేము దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాము. నడిపే బిడ్డకు ఏ అపాయమూ రాకూడదనీ, ఆ ఇంటికి ఆశీర్వాదకరంగా ఉండాలనీ అడిగాము. ఆ బండికి ఎదురుగా నడిచి వచ్చేవారి గురించి మా ప్రార్థనలో ఒక్క మాట లేదు. ముప్పై ఏళ్ల పరిచర్యలో ఇలా ఎన్ని బండ్ల మీద చెయ్యి ఉంచామో లెక్క లేదు. ఎన్నడూ ఆ మాట మాకు తోచలేదు.

రెండు కుటుంబాలకూ చెప్పి, వారు సరేనన్న తరువాతే ఇది రాస్తున్నాము. పేర్లు, ఊరు రాయడం లేదు.

భూస్థాపన నుంచి తిరిగి వస్తుండగా దారి పొడవునా వినిపించిన మాట ఒకటే. ఫైన్లు పెంచాలి, పదివేలు వేస్తే చచ్చినట్టు నెమ్మదిగా వెళ్తారు అని. కాలనీ సంఘం వారు కూడా అదే డిమాండుతో వినతిపత్రం రాసి, మా సంతకం కోసం తెచ్చారు. ఇళ్ల మధ్య వేగంగా బండి నడిపేవారికి జరిమానా పెంచాలన్నది ఈ రోజుల్లో మా ఊరిలోనే కాదు, చాలా పట్టణాల్లో వినిపిస్తున్న కోరికే. మేము సంతకం పెట్టాము. కానీ పెట్టేముందు ఆ కాగితాన్ని రెండు రోజులు దగ్గర ఉంచుకుని, చట్టం ఏమంటుందో చదివాము. చదివాక ఆ కాగితంలో ఒక పేరా మార్చమని అడిగాము. ఎందుకు అడిగామో చెప్పడానికే ఈ సంపాదకీయం.

జరిమానాలు ఇప్పటికే ఒకసారి పెరిగాయి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో పార్లమెంటు సవరించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి కొత్త జరిమానాలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు అతివేగానికి మొదటిసారి 400 రూపాయలు ఉండేది. సవరణ తరువాత కార్ల వంటి తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 వరకు, బస్సులు లారీల వంటి వాటికి 2,000 నుంచి 4,000 వరకు అయింది. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికే 5,000 వరకు జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. మైనరు నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. కాగితం మీద ఇది తక్కువ శిక్ష ఏమీ కాదు.

ఆ చట్టం వచ్చిన నెల తిరగకముందే గుజరాత్ ప్రభుత్వం కొన్ని జరిమానాలను తగ్గించింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. తెలంగాణ చాలాకాలం కొత్త జరిమానాల జోలికే పోలేదు. ఓట్లు వేసేవారి జేబు మీద చెయ్యి వేయడానికి ఏ పార్టీ ప్రభుత్వమైనా జంకుతుంది. అందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు.

ఆ తరువాత ఏం జరిగింది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో నూటికి డెబ్బై ఒక్క మరణాలకు అతివేగమే కారణమని రాసింది. నడిచి వెళ్తూ చనిపోయినవారు 32,825 మంది. ఈ డెబ్బై ఒక్క శాతం అన్న లెక్కను మేము కొంచెం జాగ్రత్తగానే చదువుతాము. ప్రమాదం జరిగిన తరువాత వచ్చే పోలీసు అధికారికి వేగాన్ని కొలిచే సాధనం ఉండదు. ఏదో ఒక కారణం రాయాలి కాబట్టి అదే రాస్తారేమోనన్న అనుమానం మాకు ఉంది. మా వీధి ప్రమాదంలోనూ అదే జరిగింది. బండి ఎనభైలో వచ్చిందని అరుగు మీద కూర్చున్న పెద్దాయన చెప్పారు. "నలభై దాటలేదు అయ్యగారూ" అని ఆ అబ్బాయి మా ముందు ఏడ్చాడు. ఇద్దరూ అబద్ధం చెప్పారని మేము అనుకోము. పక్కనుంచి చూసేవారికి వేగం ఒకలా కనిపిస్తుంది, బండి మీద ఉన్నవాడికి ఇంకొకలా అనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ అబ్బాయి నిజంగా యాభై ఐదులో వచ్చాడనే అనుకుందాం. అది అతివేగం అవుతుందా? పద్దెనిమిది అడుగుల వీధి, రెండు వైపులా ఇళ్ల మెట్లు, ముగ్గులు, ఆగిన ఆటోలు, చీకటి విడని వేళ. కన్నున్న ఎవరైనా అవుతుందనే అంటారు. చట్టం ఏమంటుందో చూడండి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం మున్సిపాలిటీ పరిధిలోని రోడ్ల మీద కారుకు గంటకు 70 కిలోమీటర్లు, మోటార్ సైకిల్‌కు 60. ఇది పైహద్దు. స్థానికంగా అంతకన్నా తక్కువ హద్దు పెట్టి ఉండకపోతే, మన సందులో యాభై ఐదులో వెళ్లిన కుర్రవాడు అతివేగపు సెక్షను కింద ఒక్క రూపాయి కూడా బాకీ పడడు. లేని తప్పుకు జరిమానాను పదివేలు చేసినా, లక్ష చేసినా వచ్చే తేడా ఏముంటుంది?

హద్దు తగ్గించే అధికారం లేకపోలేదు. అదే చట్టంలోని 112వ సెక్షను ప్రకారం ప్రజల భద్రత కోసం గానీ, రోడ్డు స్వభావాన్ని బట్టి గానీ రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ, ఫలానా ప్రాంతంలో, ఫలానా రోడ్డులో వేగాన్ని తగ్గించవచ్చు. తగ్గించినప్పుడు తగిన చోట బోర్డులు పెట్టించాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. హైదరాబాద్‌లో కాలనీ రోడ్లకు 30 కిలోమీటర్ల హద్దు పెట్టారు. మంచి పని. అయితే అక్కడ ఉన్న మన పాఠకులు ఒకసారి తమ వీధి మొదట్లోకి వెళ్లి చూడాలి, ఆ 30 అంకె ఎక్కడైనా కనిపిస్తుందేమో. మా పట్టణంలో బోర్డు మాట అలా ఉంచండి, హద్దే లేదు. మున్సిపల్ కార్యాలయంలో అడిగితే అది ట్రాఫిక్ పోలీసుల పని అన్నారు. పోలీస్ స్టేషన్లో అడిగితే రవాణా శాఖ అన్నారు. రవాణా శాఖ కార్యాలయంలో అడిగిన గుమస్తా మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, అలాంటి ఉత్తర్వు కోసం ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పాడు. ఆ మాట మమ్మల్ని కుదిపింది. ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో ప్రార్థన కూటాలు పెడుతున్నాము. మేము అడగలేదు.

ముప్పై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ దేశాల మంత్రుల సమావేశం, నడిచేవారు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించరాదని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రకటనను ఆమోదించింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం 1992లోనే నివాస వీధులన్నిటికీ ఈ హద్దు పెట్టింది. దీని వెనుక ఉన్న లెక్క పదో తరగతి పిల్లలకు తెలిసినదే. ముప్పైలో వెళ్లే బండి ఒక సెకనులో ఎనిమిది మీటర్లు పోతుంది. అరవైలో దాదాపు పదిహేడు. మనిషి చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుంది. అంటే అరవైలో వెళ్లేవాడు బ్రేకు తాకేసరికే నాలుగిళ్లు దాటిపోతాడు. వేగం రెండింతలైతే తాకిడి బలం నాలుగింతలవుతుంది. ముప్పైలో తగిలితే చాలామంది దెబ్బలతో బతికి బయటపడతారు. యాభై, అరవైకి వచ్చేసరికి ఆ ఆశ వేగంగా సన్నగిల్లిపోతుంది. మా సహోదరి విషయంలో ముప్పైకీ అరవైకీ మధ్య ఉన్న తేడా ఆ నాలుగు గుమ్మాలే.

రెండో సంగతి పట్టుబడటం. 2021 ఆగస్టులో కేంద్రం కెమెరాలతో నిఘా పెట్టడానికి నిబంధనలు తెచ్చింది. అవి జాతీయ, రాష్ట్ర రహదారుల్లో ప్రమాదాలు ఎక్కువగా జరిగే భాగాలకు, పది లక్షలు దాటిన నగరాల్లోని ముఖ్య కూడళ్లకు ఉద్దేశించినవి. మన వీధులకు ఆ కెమెరా రాదు, రావాలని మేము అడగడమూ లేదు. లేజర్ గన్ పట్టుకున్న కానిస్టేబులు ఊరి బయట బైపాస్ మీద చెట్టు చాటున నిలబడతారు. అక్కడ ఎనభైలో వెళ్లినవాడికి చలానా వస్తుంది. అదే మనిషి ఇంటికి చేరుతూ స్కూలు పక్క సందులో యాభైలో తిరిగితే అడిగే నాథుడు లేడు. శిక్ష ఎంత పెద్దదన్న దానికన్నా, తప్పు చేస్తే దొరుకుతామన్న నమ్మకమే మనిషిని ఆపుతుంది. ఇది మేము కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, పిల్లలను పెంచిన ప్రతి తల్లికీ తెలుసు. వారానికి ఒకసారి పెద్ద దెబ్బ కన్నా, తప్పు చేసిన ప్రతిసారీ పడే చిన్న మొట్టికాయే పని చేస్తుంది.

మూడోది చెప్పుకోవడానికి మాకే సిగ్గుగా ఉంది. 2023 డిసెంబరు చివర తెలంగాణలో పెండింగ్ చలానాల మీద తగ్గింపు ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం. గడువును తరువాత పొడిగించారు కూడా. 2022 మార్చిలోనూ ఇలాంటి తగ్గింపే ఇచ్చారు. మా పాత బండి మీద అప్పటికి అతివేగపు చలానాలు రెండు ఉన్నాయి. రెండూ ఆదివారానివే. ఉదయపు ఆరాధన ముగించి పదిహేను కిలోమీటర్ల అవతల పల్లెలో రెండో ఆరాధనకు పరుగెత్తిన రోజులవి. వెయ్యి రూపాయల చలానాకు రెండు వందలు కట్టి, మిగిలిన డబ్బు దేవుడిచ్చిన మేలని ఇంట్లో చెప్పి నవ్వుకున్నాము. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నవ్వు గొంతులో అడ్డుపడుతోంది. సకాలంలో పూర్తి జరిమానా కట్టినవాడు అమాయకుడయ్యాడు. కట్టకుండా ఆగినవాడు తెలివైనవాడయ్యాడు. ఇది ఒకసారి జరిగితే జనం మరోసారి కోసం ఎదురుచూస్తారు. జరిమానాను పదింతలు పెంచి, ఎనిమిదింతలు మాఫీ చేసే ప్రభుత్వాన్ని చూసి ఏ కుర్రవాడు యాక్సిలరేటర్ మీద చెయ్యి తగ్గిస్తాడు?

పెద్ద శిక్షలు రాసుకోవడం ఒకటి, నిలబెట్టుకోవడం ఇంకొకటి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఢీకొట్టి, పోలీసులకు చెప్పకుండా పారిపోయేవారికి పదేళ్ల వరకు జైలు అన్న మరో భాగాన్ని కూడా చేర్చారు. దాని మీద 2024 జనవరి మొదటి రోజుల్లో లారీ డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు ఎంతెంత బారులు తీరారో మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. చివరికి ఆ ఒక్క భాగాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టి మిగిలిన చట్టాన్ని తెచ్చారు. డ్రైవర్ల భయంలో న్యాయం లేదని మేము అనము. ఆగితే జనం కొట్టి చంపుతారు, పారిపోతే పదేళ్లు అంటే వారు ఎటు పోవాలి? కానీ చట్టం చేసేముందు ఆ మాట వినకుండా, చేసిన తరువాత వెనక్కు తగ్గడం వల్ల శిక్షకు ఉన్న బరువు పోతుంది.

అదే ఏడాది మే నెలలో పుణెలోని కల్యాణి నగర్‌లో ఒక ఖరీదైన కారు ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణం తీసింది. నడిపింది పదిహేడేళ్ల బాలుడు. గంటల్లోనే బెయిలు దొరికింది. బెయిలు షరతుల్లో ప్రమాదాల మీద మూడు వందల మాటల వ్యాసం రాయమన్నది ఒకటి. దేశమంతా మండిపడ్డాక ఆ బాలుడిని పరిశీలన గృహానికి పంపారు, తండ్రిని అరెస్టు చేశారు. మా వీధి అబ్బాయి తండ్రి ప్రైవేటు స్కూలులో వాచ్‌మన్. కొడుకు స్టేషన్లో ఉన్న రాత్రి ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న, "అయ్యగారూ, మావాడికి వ్యాసం రాయమనే జడ్జి దొరకడా?" అని. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు.

జరిమానా పెంచడంలో మాకున్న పెద్ద ఇబ్బంది ఇక్కడే ఉంది. రెండు వేల రూపాయలు అందరికీ ఒకటి కాదు. పది నిమిషాల్లో సరుకులు చేర్చాలని ఫోను అరుస్తుంటే సందుల్లో దూసుకుపోయే డెలివరీ కుర్రవాడికి అది రెండు మూడు రోజుల కూలి. మా సంఘంలోనే ముగ్గురు ఆ పని చేస్తున్నారు. ఆలస్యమైతే రేటింగ్ పోతుందని, పడిపోతే అడిగేవారు ఉండరని వారే చెప్పారు. అదే రెండు వేలు పెద్ద కారులో తిరిగేవారికి ఒక పూట హోటల్ బిల్లు. వారికి అది శిక్ష కాదు, వేగంగా వెళ్లడానికి టికెట్టు. ఫిన్లాండ్ దేశంలో వేగానికి జరిమానా మనిషి రోజువారీ ఆదాయాన్ని బట్టి వేస్తారు. అక్కడ 2002లో ఒక పెద్ద కంపెనీ అధికారికి లక్ష యూరోలు దాటిన జరిమానా పడి ప్రపంచమంతా వార్త అయింది. ఇది మనకు కొత్త ఆలోచనలా కనిపించవచ్చు గానీ, లేవీయకాండము ఐదవ అధ్యాయం తెరిచి చూడండి. అపరాధం చేసినవాడు గొఱ్ఱెపిల్లను తేవాలి. అంత శక్తి లేకపోతే రెండు పావురాలు. అదీ లేకపోతే కొంచెం గోధుమ పిండి. తప్పు అందరికీ తప్పే. దాని బరువు మాత్రం మోసేవాడి భుజాన్ని బట్టి తూచారు. ఆదాయపు లెక్కలు సరిగా లేని మన దేశంలో ఫిన్లాండ్ పద్ధతి రేపే వస్తుందని మేము అనుకోము. కనీసం డబ్బు కాకుండా లైసెన్సును కొన్నాళ్లు ఆపడం, బండిని వారం పాటు స్టేషన్లో ఉంచడం వంటివి ధనికుడికీ పేదవాడికీ కాస్త సమానంగా తగులుతాయి. డెలివరీ కుర్రవాడికి బండి పోతే అన్నం పోతుందన్న మాట నిజమే. అందుకే మొదటిసారి దొరికినప్పుడు కాదు, రెండోసారికి. చట్టమూ అలాగే చెబుతోంది, వాడేవారే తక్కువ.

రోడ్డు వేసేవారి సంగతి కూడా చెప్పుకోవాలి. మా వీధిలో మూడేళ్ల క్రితం వరకు గుంతలే. ఎవరూ ఇరవై దాటేవారు కాదు. సీసీ రోడ్డు వేసిన రోజు కౌన్సిలరుకు శాలువా కప్పి, చర్చి తరఫున మేమూ మాట్లాడాము. ఆ రోడ్డే ఇప్పుడు బండ్లకు పందెం బాట అయింది. కాలిబాట లేదు, హద్దు లేదు, సరైన స్పీడ్ బ్రేకరు లేదు. సవరించిన చట్టంలో 198ఎ అని ఒక సెక్షను ఉంది. భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ఎవరైనా చనిపోతే లేక వికలాంగులైతే, కాంట్రాక్టరుకు, బాధ్యత గల సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా అని. ఆ సెక్షను పేరు మా కాలనీలో ఎవరూ విని ఉండలేదు. వినతిపత్రంలో పెంచమన్న జరిమానాల్లో అదీ లేదు.

ప్రమాదం జరిగిన మూడో రోజు రాత్రి కాలనీ యువకులు సిమెంటు కలిపి సొంతంగా ఒక మెట్ట కట్టారు. కోపం, దుఃఖం కలిసి కట్టించిన మెట్ట అది. వారం తిరగకుండానే స్కూటీ మీద వెళ్తున్న దంపతులు చీకట్లో దాని మీద ఎగిరిపడ్డారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, అది మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల వెడల్పున మెల్లగా లేచి దిగాలి. ముందు బోర్డు ఉండాలి, తెల్ల చారలు ఉండాలి. మావాళ్లు కట్టింది జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. మేమే వెళ్లి పగలగొట్టమని చెప్పాము. కొందరికి కోపం వచ్చింది.

ద్వితీయోపదేశకాండములో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక ఆజ్ఞ ఉంది, పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టమని. ఎవరైనా పడిపోతే ఆ రక్తాపరాధం ఇంటివాడి మీదికి వస్తుంది. గమనించవలసిందేమంటే, అక్కడ పడిన తరువాత వేసే శిక్ష గురించి పెద్దగా చెప్పలేదు. ఎవరూ పడకముందే కట్టవలసిన గోడ గురించి చెప్పారు. మేము వినతిపత్రంలో మార్చమని అడిగిన పేరా ఇదే. మొదట మా వీధికి, స్కూళ్ల చుట్టుపక్కల వీధులకు 30 హద్దుగా ప్రకటించి బోర్డులు పెట్టండి. తరువాత కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్లు వేయండి. నెలకు కొన్ని ఉదయాలు, కొన్ని సాయంత్రాలు ఒక కానిస్టేబులును సందుల్లో నిలబెట్టండి. అప్పుడు దొరికినవారికి మెయిన్ రోడ్డు మీద కన్నా రెండింతల జరిమానా వేయండి, దాని మీద తగ్గింపు ఎన్నటికీ ఇవ్వకండి. ఈ వరుస తలకిందులైతే జరిమానా ఖజానాకు ఆదాయం అవుతుంది గానీ, నడిచేవారికి రక్షణ కాదు.

అయితే కాగితాలు పంపి మన పని అయిపోయిందనుకోవడానికి లేదు. యెహూ రథం తోలే తీరును బట్టి దూరం నుంచే కావలివాడు అతడెవరో గుర్తుపట్టాడని రాజుల గ్రంథంలో చదువుతాము. మా వీధివారికీ సైలెన్సర్ చప్పుడు వినగానే ఏ ఇంటి అబ్బాయి వస్తున్నాడో తెలుసు. తెలిసీ ఎవరూ ఆ ఇంటి తలుపు తట్టలేదు. ఇంటర్ పాసైతే బండి కొంటామని మాట ఇచ్చే తల్లిదండ్రులు మన సంఘాల్లో తక్కువేమీ లేరు. డిసెంబరులో కేరల్స్ రౌండ్లకు ఒక్కో బండి మీద ముగ్గురేసి, హెల్మెట్లు లేకుండా అర్ధరాత్రి వీధులు తిరిగేది మన యవ్వనస్తులే. మేము కూడా టోపీ పెట్టుకుని వారి ముందు జీపులో కూర్చున్నవారమే.

ఇప్పుడు ఆ రెండు ఇళ్ల సంగతి. కొందరు సంఘ పెద్దలు, "పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకుందాం, కేసు ఎందుకు?" అని వచ్చారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ నిర్లక్ష్యంతో ప్రాణం పోయిన కేసు, రెండు వైపులవారు కలిసి రాసుకుని ముగించుకోగల కేసుల జాబితాలో లేదు. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంది. బండికి ఇన్సూరెన్సు ఉంది కాబట్టి చెల్లించవలసింది కంపెనీ, వాచ్‌మన్ జీతం కాదు. ఈ సంగతి తెలియక ఎన్నో ఇళ్లు కాస్త డబ్బు పుచ్చుకుని కాగితాల మీద వేలిముద్ర వేస్తున్నాయి. ఇన్సూరెన్సు గడువు తీరిపోయి ఉంటే మాత్రం అంతా బండి యజమాని మీదే పడుతుంది. ఈ వారం ఈ పేజీ చదివినవారు మరేమీ చేయకపోయినా, ఇంట్లోని బండి కాగితం తీసి ఆ తేదీ చూడాలి.

క్షమాపణ మాట కూడా వచ్చింది. క్షమించమని ఆమె భర్తకు చెప్పండని అబ్బాయి తల్లి మమ్మల్ని అడిగింది. మేము చెప్పలేదు. క్షమించవలసినవారు ఆయన. ఆయన తరఫున ఆ మాట అనే అధికారం కాపరికి లేదు, సంఘానికి లేదు, చలానా తగ్గించినట్టు తగ్గించే వస్తువూ కాదు. మూడు వారాల తరువాత ఒక సాయంత్రం ఆయన తానే నాలుగు గుమ్మాలు దాటి ఆ ఇంటికి వెళ్లారు. లోపల ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు. కేసు మాత్రం కోర్టులో ఉంది, అలాగే నడుస్తుంది.

మా సంఘంలో ఒక చిన్న మార్పు చేశాము. కొత్త బండికి ప్రార్థన కావాలంటే ముందు లైసెన్సు, ఇన్సూరెన్సు, రెండు హెల్మెట్లు చూపించాలి. నడిపేవాడు ఆ బండి ఎక్కకుండా, మాతో కలిసి తన వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకసారి నడవాలి. ఎవరి గుమ్మం ఎక్కడ ఉందో, ఏ ఇంట్లో పాకే పిల్ల ఉందో, ఏ ఇంట్లో చెవులు వినపడని పెద్దాయన ఉన్నారో మాకు చెప్పాలి. ఆ తరువాతే ప్రార్థన. మొదటి ఆదివారం వచ్చిన ఒక తండ్రి ఇదంతా ఎందుకని విసుక్కుని, బండిని వేరే చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయించుకున్నారు. రెండోవారం ఇద్దరు వచ్చారు, నడిచారు.

మార్చిన వినతిపత్రాన్ని మున్సిపల్ కమిషనరుకు, పోలీసు అధికారికి, రవాణా శాఖకు ముగ్గురికీ ఇచ్చి రసీదులు తీసుకున్నాము. అందులో 112వ సెక్షనును, వీధుల పేర్లను, ఒక్కో వీధి వెడల్పును రాశాము. యవ్వనస్తులు టేపు పట్టుకుని కొలిచారు. ఈ సంచిక సిద్ధమయ్యే నాటికి ఇరవై మూడు రోజులైంది. బోర్డు ఇంకా రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాము.